చిల్లుపడిన కాసు

పోయిన ఏడాది మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పాంపే చూసి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మిత్రులు యాత్రాకథనం రాయమని అడుగుతున్నారు. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ రెండువేల ఏళ్ళనాటి వీధుల్లో నడుస్తుంటే ఒళ్ళు పులకరించింది అనే వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. ఎందుకంటే నా ఒళ్ళు పులకరించలేదు, మండింది. ఆ మంట ఇటలీలో మొదలై మైపాడు దగ్గరి మా ఊళ్ళో, మా పెద్దమ్మ ఇంటి అరుగుమీద కూడా చల్లారలేదు. అందుకని యాత్రాకథనం పక్కనబెట్టి ఆ మంట గురించే రాస్తున్నాను.

పాంపేలోకి రోజుకి 20,000 మందికి మించి పంపకూడదని 2024 నవంబరులో పరిమితి పెట్టారు. మేం వెళ్ళినరోజు ఆ జనంలో సగం ఒకే సందులో బారులు తీరి ఉన్నట్టనిపించింది. ఆ సందులో ఉన్నది లుపనార్. లాటిన్‌లో లుప అంటే ఆడతోడేలు, వేశ్యను తిట్టే మాట కూడా అదే. కింద అయిదు గదులు, పైన అయిదు. కింది గదుల్లో రాళ్ళతో కట్టిన మంచాలు. మా ఊళ్ళో దూడను కట్టేసే జాగా అంతకన్నా వెడల్పుగా ఉంటుంది. గుమ్మాలపైన రతిభంగిమల చిత్రాలున్నాయి. గైడు వాటిని చూపించి "ఇదే మెనూకార్డు" అన్నాడు. మగవాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళ పక్కనున్న భార్యలు మొగుళ్ళ భుజాలమీద చిన్నగా కొట్టి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సంగతి దాచిపెడితే తర్వాత రాసేదంతా అబద్ధమవుతుంది. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి, ఇరవై ఏళ్ళుగా స్త్రీవాద వ్యాసాలు రాస్తూ, ఆ గుమ్మంలో నిలబడి గుంపుతోపాటు నేనూ నవ్వాను.

నవ్వు ఆగాక గోడ చూశాను. ఆ ఇంటి గోడలమీద గీసిన రాతలు దాదాపు 150 ఉన్నాయి. వాటిలో ఆడవాళ్ళ పేర్లున్నాయి. మిర్తాలే అనే పేరుంది. అది గ్రీకు పేరు. బానిసలకి గ్రీకు పేర్లు పెట్టడం రోమన్ల అలవాటు. ఆ ఊరి గోడలమీద కనిపించే వెల ఎక్కువగా రెండు ఆస్‌లు. ఒక సారాకొట్టు గోడమీద మామూలు మద్యం ఒక గుక్కకి ఒక ఆస్ అని రాసి ఉంది. అంటే రెండు గుక్కల మద్యం ఖరీదుకి ఒక మనిషి. ఆ రెండు ఆస్‌లు కూడా ఆమె చేతికి రావు, బానిస సంపాదన యజమానిది. రెండున్నర గంటలసేపు మాతో తిరిగిన గైడు నోట బానిస అనే మాట ఒక్కసారీ రాలేదు. "అమ్మాయిలు" అన్నాడు. "ఆ అమ్మాయిలు చాలా బిజీ" అన్నాడు. వీధిలో రాతిమీద చెక్కిన లింగాన్ని చూపించి అది ఈ ఇంటికి దారి చూపే బాణం అన్నాడు. దిష్టి తగలకుండా రోమన్లు ఎక్కడబడితే అక్కడ చెక్కుకున్న గుర్తు అది. మన ఇళ్ళముందు వేలాడే దిష్టిబొమ్మను చూసి ఎవరైనా ఫలానా కొంపకి దారి అంటే ఎట్లా ఉంటుంది!

గైడు చదువుకున్నది అంతే, వదిలేయమని మా అమ్మాయి అంది. వదిలేద్దును. కానీ గైడుకి ఆ కథ నేర్పిందెవరు? ఒకప్పుడు పండితులు ఈ ఊళ్ళో ముప్ఫైకి పైగా వేశ్యాగృహాలున్నాయని లెక్కగట్టారు. ఎట్లా లెక్కగట్టారో చూడండి. ఒక గదిలో మంచం ఉందా, గోడమీద బూతు బొమ్మ ఉందా, వాకిట్లో ఎవరైనా ఆడదాని పేరు గీకి ఉందా, అయితే అది వేశ్యాగృహమే. తర్వాత కొందరు ప్రమాణాలు కచ్చితంగా పెట్టి చూస్తే నిస్సందేహంగా మిగిలింది ఈ ఒక్కటే. మిగతావి సారాకొట్లూ, పూటకూళ్ళ ఇళ్ళూ, మామూలు మనుషుల కొంపలూ. అసెల్లీనా అనే ఆవిడ పేరుతో ఒక సారాకొట్టు ఉంది. దాని గోడమీద ఎన్నికల ప్రచార రాతలున్నాయి. ఫలానా ఆయన్ని ఎన్నుకోండి అంటూ కింద జ్మిరీనా, ఈగ్లే, ఇంకా కొందరు ఆడవాళ్ళ పేర్లు. వోటు హక్కు లేని ఆడవాళ్ళు ఎన్నికల్లో ఎవరు గెలవాలో గోడకెక్కించారు! ఇంతకంటే పెద్ద రాజకీయ వార్త ఆ ఊళ్ళో ఇంకేముంటుంది? కానీ ఆ పేర్లను ఎక్కువమంది పండితులు చదివింది మద్యం పోసే పిల్లలుగా, పక్కలోకి వచ్చే పిల్లలుగా. గోడమీద మగవాడి పేరు కనబడితే పౌరుడు, ఆడదాని పేరు కనబడితే వేశ్య.

వేశ్య కాకపోతే తల్లి. ఆ సంగతీ అక్కడే చూశాను. బూడిదలో శరీరాలు కరిగిపోగా మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి మనుషుల ఆకారాలు తీసే పద్ధతిని 1863లో ఫియొరెల్లి ప్రవేశపెట్టాడు. అట్లా తీసిన వాటిలో అందరినీ ఏడిపించే ఆకారం ఒకటుంది. బంగారు కడియం దొరికిన ఇంట్లో, మెట్లకింద, ఒడిలో చిన్నబిడ్డతో ఒక మనిషి. చేతికి అర కిలో దాటిన బంగారు కడియం. కడియం ఉంది, ఒడిలో బిడ్డ ఉంది, ఇంకేం, తల్లి! చావులోనూ బిడ్డను వదలని మాతృమూర్తి మీద ఎంత సాహిత్యం వచ్చిందో చెప్పలేను. నేనే ఒకసారి మాతృత్వం గురించిన ఉపన్యాసంలో ఆ బొమ్మను వాడుకున్నాను. 2024 నవంబరులో ఆ ప్లాస్టర్‌లో చిక్కుకున్న ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. అయిదుగురివి మాత్రమే చదవగలిగారు. ఆ కడియం మనిషి మగవాడు. ఆ బిడ్డతో రక్తసంబంధం లేదు. కౌగిలించుకుని చనిపోయిన అక్కచెల్లెళ్ళని చెప్పుకున్న మరో జంటలో కూడా ఒకరు మగవాడని తేలింది.

మగవాడు కడియం పెట్టుకోడా? మా తాతకి వెండి మురుగులుండేవి. మగవాడు పరాయి బిడ్డను ఒళ్ళోకి తీసుకోడా? యాభై ఏళ్ళుగా ఇన్ని విశ్వవిద్యాలయాల్లో ఇంతమంది పండితులకి ఆ ఊహే రాలేదంటే, వాళ్ళు చూసింది బూడిదలోని మనిషిని కాదనుకోవాలి. వాళ్ళ ఇంట్లో వాళ్ళకి వండిపెట్టే మనిషిని చూశారు.

ఊరి నడిబొడ్డున యుమాకియా కట్టించిన పెద్ద భవనముంది. తన సొంత ఖర్చుతో, తన పేరునా తన కొడుకు పేరునా కట్టించానని రాయించుకున్న పూజారిణి ఆమె. ఉతుకుపని చేసేవాళ్ళ సంఘం ఆమెకి విగ్రహం పెట్టించింది. మా గైడు ఆ భవనం ముందు ఆగి, మంచినీళ్ళు తాగి, ముందుకి నడిచాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వెసూవియస్ పేలిన క్రీ.శ. 79లోనే, ఆ తీరంలోనే చనిపోయినవాడు ప్లినీ. మన చరిత్ర పుస్తకాల్లో ప్లినీ లేని పాఠం ఉండదు. ఏటా అయిదు కోట్ల సెస్టర్స్‌ల రోమన్ ధనం ఇండియాకి పోతోందని ఒకచోట రాశాడు. ఇండియా, చైనా, అరేబియాలు మూడింటికీ కలిపి పది కోట్లని మరోచోట రాశాడు. ఆ రెండోచోట, మన విలాసాలూ మన ఆడవాళ్ళూ మనకి పెట్టే ఖర్చు ఇదీ అని వాపోయాడు. నేను ముప్ఫై ఏళ్ళు ఆ మాట క్లాసులో చెప్పాను, గర్వంగా చెప్పాను. చూశారా, రోమన్ ఆడవాళ్ళ మోజు వల్ల మన దేశానికి బంగారం వరదలా వచ్చింది అని. ఆడపిల్లలు రాసుకున్నారు. మార్కులు వేశాను. మిరియాలు తిన్నదెవరు? ఆ ఓడల్లో పెట్టుబడి పెట్టిందెవరు? తూర్పు నుంచి వచ్చిన సరుకుమీద రోమన్ ప్రభుత్వం నాలుగోవంతు సుంకం వసూలు చేసేది. ఆ సొమ్ముతో సైన్యాలకి జీతాలిచ్చుకున్నదెవరు? ఖజానా నింపుకున్నవాడు మగవాడు, దేశాన్ని గుల్లచేసింది మాత్రం ఆడదాని మెడలో ముత్యం! ఈ తర్కం మనకి కొత్తది కాదు. మా ఊళ్ళో ఏ సంసారం దివాలా తీసినా దాని నగల పిచ్చే ముంచింది అనేవాళ్ళు. వాడు పేకాడినా సరే.

నేపుల్స్ మ్యూజియంలో మనవైపు మనిషిని చూశాను. పాంపేలో ఒక ఇంట్లో 1938లో దొరికిన దంతపు బొమ్మ. జానెడు ఎత్తు. ఒంటినిండా నగలు, కాళ్ళకి బరువైన కడియాలు, చేతులనిండా గాజులు, మొలనూలు. బట్టలేదు. అటువంటి దంతపు బొమ్మలే శాతవాహనుల కాలపు ఊళ్ళు తేర్, భోకర్దన్‌లలో దొరికాయి కాబట్టి ఈమె పుట్టిల్లు దక్కన్ అని చాలామంది అభిప్రాయం. ముందు లక్ష్మి అన్నారు, తర్వాత యక్షి అన్నారు. దేవతగా చేసేశారు కాబట్టి తల్లీ వేశ్యా కాని మూడో ఖాళీ కూడా నిండిపోయింది. ఇంతాచేసి ఆ దేవతను చేర్చింది ఎక్కడనుకున్నారు? రహస్యమందిరం అని పేరున్న విభాగంలో. 1819లో ఆ రాజ్యపు యువరాజు భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని మ్యూజియం చూడటానికి వచ్చి, పాంపేలో దొరికిన శృంగార వస్తువులు చూసి బెదిరిపోయి, వాటన్నిటినీ ఒక గదిలో వేసి తాళం పెట్టించాడు. ఆ తర్వాత చాలాకాలం పెద్దమనుషులైన మగవాళ్ళకి మాత్రమే అనుమతి. ఆడవాళ్ళకీ పిల్లలకీ లేదు. అందరికీ తలుపులు తెరిచింది 2000లో. ఆడవాళ్ళ శరీరాలు గోడలనిండా ఉన్న గదిలోకి ఆడవాళ్ళు అడుగుపెట్టకూడదట!

ఆ దంతపు ఆమెకి అటూ ఇటూ ఇద్దరు చిన్నపిల్లలు నిలబడి ఉన్నారు, ఆమె అలంకరణ సామగ్రి పట్టుకుని. ఆమె నడుముదాకా కూడా రారు. ఆమె లక్ష్మా, యక్షా అని నేను చదివినచోటల్లా వాదించుకున్నారు. ఆ ఇద్దరు పిల్లల గురించి ఒక్క వాక్యం మించి రాసినవాళ్ళు నాకు కనబడలేదు. వాళ్ళ సంగతికి మళ్ళీ వస్తాను.

పాంపే తవ్వకాల గురించి ఇంకొక బొమ్మ చెప్పాలి. ఎడ్వార్ సాఁ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1865లో వేసింది, పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. నేను అచ్చులోనే చూశాను. తవ్వకం జరుగుతోంది. బయటపడ్డ గోడల మధ్య ఆడపిల్లలు ఉత్తకాళ్ళతో, నెత్తిన మట్టి గంపలతో బారుగా నడుస్తున్నారు. పాంపేని ఎవరు వెలికితీశారంటే మనకి ఫియొరెల్లి పేరు చెబుతారు. ఫియొరెల్లి గంప మోయలేదు.

ఆ గంపలు చూడగానే నాకు మా ఊరి పాటిదిబ్బ కళ్ళముందుకొచ్చింది.

నెల్లూరు సముద్రతీరంలో, బకింగ్‌హాం కాలువకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో పెరిగినవాళ్ళకి పాటిమన్ను అంటే తెలుసు. ఎప్పుడో జనం కాపురమున్న చోటు దిబ్బగా మిగిలిపోతుంది. శతాబ్దాల బూడిదా పేడా పెంటా కలిసిన ఆ మన్ను పొలానికి మంచి సత్తువ. వేసంకాలంలో దిబ్బ తవ్వి పొలాలకి తోలుకునేవాళ్ళు. గడ్డపార మగవాడి చేతిలో, తట్ట ఆడదాని నెత్తిన. కూలి ఆడదానికి తక్కువ. మా అమ్మమ్మ పొలానికి మన్ను తోలుతున్నప్పుడు నేనూ దిబ్బమీద తిరిగేదాన్ని. మూరెడు పొడవు ఇటికలు, నలుపూ ఎరుపూ కలిసిన పెంకులు, మట్టిపూసలు దొరికేవి. అరగదీసి గుండ్రంగా చేసిన పెంకులు దొరికితే మాకు పండగ. తొక్కుడుబిళ్ళ ఆటకి అంతకన్నా మంచి బిళ్ళ లేదు. పెద్దయ్యాక తవ్వకాల నివేదికలు చదివేటప్పుడు తెలిసింది, అటువంటి గుండ్రటి పెంకులకి పురావస్తు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు కూడా తొక్కుడుబిళ్ళలేనని. శాస్త్రం ఆడపిల్లల ఆటను గుర్తుపట్టిన ఒకే ఒక్క సందర్భం ఇదేనేమో!

మా జిల్లాలో పాటిమన్నుకీ రోముకీ ఉన్న చుట్టరికం పాతది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు కొండవాలులో దున్నుతుంటే నాగలికి ఇటికల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దానికింద ఒక కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్ఫైకి పైగా నవాబు కొడుకు చేతికొచ్చాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కి వాటిని చూపించి, రెండు ఏరుకోమంటే ఆయన హేడ్రియన్ నాణెం ఒకటీ, ఫౌస్టీనా నాణెం ఒకటీ ఏరుకున్నాడు. ఈ సంగతంతా ఆయన రాసిన ఉత్తరం ఏషియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది. ఫౌస్టీనా పేరుతో ఇద్దరు చక్రవర్తి భార్యలున్నారు, తల్లీ కూతుళ్ళు. వాళ్ళ బొమ్మ నాణెం మీదికెక్కేనాటికి పాంపే బూడిదకింద అరవై ఏళ్ళు దాటింది.

ఆ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది రెండు వాక్యాల మేర. కొన్ని నాణేలు టంకసాల నుంచి నిన్ననే వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్ని చెడిపోయి, చిల్లులు పడి ఉన్నాయట, బహుశా చేతికో మెడకో నగలుగా వేసుకుని ఉంటారట. డేవిడ్‌సన్‌ను మెచ్చుకోవాలి, చిల్లు చూసి నగ అని గ్రహించాడు. కానీ చిల్లుపడింది కాబట్టి చెడింది అన్నాడు. ఎవరికి చెడింది? ఆ చిల్లు పడిన రోజునే అది నాణెం కావడం మాని ఒక మనిషి సొంతమైంది. అంతకుముందు రాజుదీ వ్యాపారిదీ. చిల్లు పొడిపించుకున్న ఆమె ఎవరో మనకి తెలియదు. ఫౌస్టీనా ఎవరో ఆమెకీ తెలిసి ఉండదు. కానీ ఒక ఆడదాని ముఖమున్న బంగారు బిళ్ళను ఎంచుకుని, దారమెక్కించి, మెడలో వేసుకుని, ఈ తీరంలో నీళ్ళకి వెళ్ళింది. మా జిల్లాలో రెండో శతాబ్దపు ఆడదాని గురించి నాకు తెలిసిన నిఖార్సయిన వార్త ఆ చిల్లు. దాన్నే మనం లోపం అని జాబితాకెక్కిస్తున్నాం.

నాణేలు చదవడం తెలిసిన మిత్రురాలితో ఈ మాటంటే కోప్పడింది. చిల్లు అక్షరాల మీద పడితే ఏ సంవత్సరపు ముద్రో తెలియదు, అది నష్టమే, నువ్వు ఆవేశపడితే కాదు అంది. నిజమే. రాజు సంవత్సరం పోయింది. అయితే చిల్లు అంచు ఎంత అరిగిందో చూస్తే ఎన్నేళ్ళు మెడలో ఉందో తెలుస్తుంది కదా, ఎంతమంది చూశారు అని అడిగాను. చూడాల్సిందే అంది. ఆ సమాధానం కోసమే ఈ వ్యాసం.

నాకెందుకింత పట్టింపంటే, మా అమ్మమ్మకి కాసులపేరుండేది. పదమూడు సవర్లు, ఒక్కోదానిమీదా విక్టోరియా రాణి బొమ్మ. ఒక్కో సవరకీ పైన చిన్న కొండీ అతికించి దండ గుచ్చారు. అది మా పెద్దమ్మకి వచ్చింది. తొంభైల మొదట్లో మా తీరమంతా రొయ్యల పిచ్చి పట్టింది. పొలాలు గుంటలయ్యాయి. పాటిదిబ్బ కూడా చదునై గుంటల కట్టల్లో కలిసిపోయింది. గోడ కట్టినవాడి శిథిలానికైతే పుస్తకంలో జాగా ఉంటుంది. చెన్నపట్నం పోకముందు 1620లలో ఇంగ్లీషువాళ్ళు కోట కట్టుకున్న దుగరాజపట్నం పేరు ప్రతి చరిత్రలోనూ ఉంది. మన్నులో కలిసిన దిబ్బకి పేరు కూడా లేదు. గుంటల పెట్టుబడికి 1993లో మా పెదనాన్న కాసులపేరు అడిగాడు. అడిగాడు అంటున్నాను, మా ఇంట్లో ఆ మాటే వాడతారు. నెల్లూరులో బంగారం కొట్టులో తూకం వేసి, కొండీల దగ్గరి టంకం కింద ఇంత, తరుగు కింద ఇంత అని కోసేశారు. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఉంది. టంకం అంటే కాసుని ఆమె మెడకి పట్టి ఉంచిన అతుకు. ధర కట్టేటప్పుడు ముందు కోసేసింది దాన్నే. మరుసటి ఏడాది తెల్లమచ్చ వైరస్ వచ్చి రొయ్యలు తెల్లారేసరికి గట్టున తేలాయి. రైతు కుండలోని నాణేలూ, మా పెద్దమ్మ సవర్లూ పోయింది ఒకే దారిన. పాత బంగారం.

మనవైపు వచ్చిన విదేశీ యాత్రికులు మాత్రం తక్కువ తిన్నారా! మా తీరానికి ఉత్తరంగా మోటుపల్లి రేవుంది. సముద్రవ్యాపారులకి అభయమిస్తూ 1244-45లో గణపతిదేవుడు వేయించిన శాసనం అక్కడే ఉంది. మార్కోపోలో పుస్తకం ఆ రాజ్యాన్ని ఒక స్త్రీ న్యాయంగా ఏలుతోందని మెచ్చుకుంటుంది. మెచ్చుకుంటూనే ఆమెను చనిపోయిన రాజుగారి భార్యను చేసింది. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. కూతురు తండ్రి సింహాసనం ఎక్కడమన్నది ఆ యాత్రికుడి లెక్కలో లేదు కాబట్టి మొగుణ్ణి చంపి ఆమెకి వైధవ్యం అంటగట్టాడు. మోటుపల్లి వెళ్ళే మనవాళ్ళు వీరభద్రాలయం చూసి, శాసనం ముందు ఫొటో దిగి, మార్కోపోలో మెచ్చుకున్న రేవు అని రాసుకుని వస్తారు. ఆయన చేసిన పొరపాటు గురించి ఎవరూ రాయరు. మనకి ఆయన సర్టిఫికెట్ ముఖ్యం.

నాగార్జునకొండ శాసనాలు చూడండి. రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు యజ్ఞాలు చేసుకుంటే అతని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించి పేరు చెక్కించుకుంది. బోధిసిరి అనే గృహిణి తాను ఏ ఊళ్ళో ఏం కట్టించిందో వరసగా రాయించింది. అందులో ఇప్పటి ఘంటసాల, ఆనాటి కంటకసేల రేవు కూడా ఉంది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యం కట్టించింది. సముద్రాల సంగతి తెలిసిన ఆడమనిషి ఆమె. ఆ లోయ జలాశయం కింద మునిగింది, రాళ్ళు దీవిమీదికి చేరాయి. లాంచీలో వెళ్ళి చూసొచ్చేవాళ్ళలో బోధిసిరి పేరు తెలిసి వెళ్ళేవాళ్ళు ఎందరు? నేను ఎనిమిదిసార్లు విద్యార్థుల్ని తీసుకెళ్ళాను. ఆరోసారి దాకా నాకూ తెలియదు.

అంచేత మనలో ఎవరైనా ఈజిప్టుకో గ్రీసుకో వెళ్ళి వచ్చి వ్యాసం పంపేముందు నాది ఒక్క విన్నపం. పులకింతలు తర్వాత. ఆ రాయి ఎవరు మోశారో, ఆ గదిలో ఎవర్ని కట్టేశారో, మీ గైడు ఎక్కడ నవ్వించాడో, మీరు ఎందుకు నవ్వారో అది రాయండి. ఇది తల్లి, ఇది రాణి, ఇది దేవదాసి అని పలక పెట్టిన ప్రతిచోటా ఎట్లా తెలుసు అని అడగండి. అడిగితే యాత్ర పాడవుతుంది. పాడవనివ్వండి.

ఊరికి తిరిగొచ్చాక పెద్దమ్మని చూడ్డానికి వెళ్ళాను. ఎనభై మూడేళ్ళు. కాసులపేరు పోయిన మెడలో పసుపుతాడు, అదీ పెదనాన్న పోయాక తీసేశారు. ఫోన్‌లో దంతపు బొమ్మ ఫొటో చూపించాను, రెండువేల ఏళ్ళకిందట మనవైపు నుంచి ఓడెక్కి పోయిందంట పెద్దమ్మా అని. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ఏందే ఇది, నగలన్నీ ఏసి గుడ్డ మరిసిపొయ్యుండారు!" అంది. నవ్వింది. నేనూ నవ్వాను, ఈసారి సిగ్గుపడకుండా. తర్వాత వేలు పెట్టి చూపించింది.

"ఈ పక్కన నిలబడుండే బిడ్డలెవురే? చేతుల్లో ఏందో మోస్తా ఉండారే. బరువేమో చూడు."

ఫొటో పెద్దది చేశాను. వాళ్ళ చేతులు సరిగా కనబడలేదు. ఇంకా పెద్దది చేయమంది.